పెరటి కూరగాయల తోటయు, సహజమైన యెరువులును



మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ యొకప్పుడు పల్లెలు. 1998వ సంవత్సరము నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడిన పిదప అచ్చటి చెల్కలును, బండరాళ్ల గుట్టలును క్రమముగ మేడల క్రిందికి పోయినవి. వింత యేమనగా, ఆ మేడలలో కంప్యూటరు ఉద్యోగములు చేయువారిలో పలువురు నేడు డాబాలపైని తొట్లలో వంకాయ, టమాట, పుంటికూర పండించుకొనుచున్నారు. వారికి గజము నేల లేదు. మట్టిని సైతము సంచుల లెక్కన కొనుచున్నారు. అంగడి కూరపై నే మందు చల్లిరో తెలియదను భయమే యింత శ్రమకు కారణము.

ఆ కూరను పట్టణమునకు పంపువారిలో శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు రైతులును గలరు. మందు చల్లిన రైతు ఇంటను అదే కూర వండబడును. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. పత్తికని తెచ్చిన డబ్బాలో మిగిలినదానిని వంగమడిపై చల్లువాడు ఆ నిషేధము నెరుగడు, ఎరిగినను లెక్కచేయడు. డాబా మీద తొట్టి గలవాడు చేయుచున్న పని, ఇంటి వెనుక పెరడు గలవానికి సాధ్యము కాదనుట సబబు కాదు. గ్రామకంఠములోని పెరడు పహాణీ కెక్కదు గాన, దాని ఫలసాయము నెవ్వరును లెక్కింపరు. ఇంటివారు సైతము లెక్కింపకుండుట విచారకరము.

ముందుగా నెరువు సంగతి. హోల్కరు సంస్థానపు ఇండోరులో (నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు కాదు) ఆల్బర్టు హోవార్డు దొరయు, యశ్వంత్ వాడ్ గారును చెత్తను ఎరువుగ మార్చు పద్ధతిని స్థిరపరచి 1931లో గ్రంథముగ ప్రకటించిరి. ఎండుటాకు, గడ్డి జానెడు మందము పరచి, దానిపై పచ్చి ఆకును, వంటింటి తొక్కలను వేసి, పేడనీరు చిలకరించి, కొంచెము మన్నును బూడిదయు చల్లవలెను. ఇట్లు నడుము ఎత్తువరకు పేర్చవలెను. ఎండకాలమున గుంట మేలు. వానకాలమున గుంటలో నీరు నిలిచి కుళ్లును గాన నేలపైని కుప్పయే తగినది. కొన్ని దినములలో కుప్ప నడుమ చేయి పెట్టలేనంత వేడి పుట్టవలెను. పుట్టనిచో తడి గాని, పచ్చి ఆకు గాని చాలలేదని యెరుగవలెను. పిడికిట పిండినప్పుడు చేయి తడియవలెను గాని నీరు కారరాదు. మూడు మార్లు తిరగవేసినచో మూడు నెలలకు మట్టివాసన గల నల్లని యెరువగును. పచ్చిపేడను నేరుగ పాదులలో వేయువారు వేరుపురుగును తామే పిలిచినవారగుదురు.

2016లో పద్మశ్రీ పొందిన సుభాష్ పాలేకర్ గారు ప్రచారము చేసిన జీవామృతము ఎకరమునకు 200 లీటర్లు. పెరటికి అందులో ఇరువదవ వంతు చాలును: 10 లీటర్ల నీటిలో అరకిలో ఆవుపేడ, అరలీటరు ఆవుమూత్రము, 100 గ్రాముల బెల్లము, 100 గ్రాముల పప్పుపిండి, చిటికెడు గట్టుమన్ను కలిపి, నీడలో రెండు దినములుంచి, ఉదయ సాయంకాలములు కలియబెట్టవలెను. అయితే ఇందలి పోషకములు స్వల్పములు. నేలలో చెత్తయెరువు లేనిదే దీనివలన మాత్రమే కాపు వచ్చుననుట అతిశయోక్తి.

పురుగులకు వేపగింజల కషాయము చాలవరకు సరిపోవును. లీటరు నీటికి 50 గ్రాముల గింజపొడి రాత్రి నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, మరునాటి సాయంకాలము చల్లవలెను. ఎండవేళ చల్లిన దాని గుణము త్వరలో నశించును. ఇది పురుగును అప్పటికప్పుడు చంపదు, మేత మాన్పించును. కావున పురుగు కనబడగనే చల్లవలెను, ముదిరిన పిదప కాదు. బెండకు పల్లాకు తెగులు సోకిన నే కషాయమును పనిచేయదు; ఆ మొక్కను పీకి తగులబెట్టవలెను. బీర, కాకర, సొర పాదులక్రింద రాలిన పుచ్చుకాయలను ప్రతిదినము ఏరి లోతుగ పాతిపెట్టనిచో వానిలోని పండుఈగ మరల పుట్టుచుండును.

మృగశిర కార్తెలో తొలివాన పడగనే సొర, బీర గింజలు నాటవచ్చును. పాలకూర, కొత్తిమీరలకు చలికాలము శ్రేష్ఠము. సొరగింజలను పాదుపైననే ముదిరి ఎండిన కాయనుండి తీసి, బూడిద కలిపి కుండలో దాచుట పెద్దల వాడుక. అట్లు దాచుటకు ముందు ఆ పాదులోనిదే మరియొక లేతకాయ ముక్కను నాలుకపై నుంచి చూడవలెను. చేదుగనున్నచో వెంటనే ఉమియవలెను. చేదు సొరకాయ విషము, వండినను తినదగదు. అట్టి పాదు గింజలను దాచక పారవేయవలెను.