కాస్టిక్ సోడా పడితే ముందు నీళ్లు
(పులివెందుల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన తుమ్మలపల్లె కర్మాగారంలో యురేనియం తీయడానికి క్షార పద్ధతి వాడతారు. అందులో కాస్టిక్ సోడా ఉంటుంది. అది ఒళ్లు కాలుస్తుంది, కళ్లు పోగొడుతుంది.

అలాంటి సరుకున్న ట్యాంకరు మన దారిలో బోల్తా పడితే దగ్గరికి పోవద్దు. పశువులను దూరంగా తోలి, 112కు ఫోన్ చేద్దాం. ఒంటిమీద పడితే తడిసిన బట్టలు విప్పి, కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి. కళ్లలో పడినా అంతే. నిమ్మరసం రాయొద్దు. మింగితే వాంతి చేయించొద్దు. వెంటనే 108లో ఆస్పత్రికి చేర్చాలి.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదు. ప్రమాదకర రసాయనాలు భారీగా ఉన్నచోట చుట్టుపక్కల జనానికి జాగ్రత్తలు ముందే చెప్పాలని 1989 నిబంధనల్లోనే ఉంది. ప్రతి గ్రామసభలో అడుగుదాం, తెలుగులో చెప్పించుకుందాం.