పెద్దల రాజీ – న్యాయస్థానపు ముద్ర



చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములందలి మన కుటుంబములలో ఏ చిక్కు వచ్చినను, మొదట సంఘపు పెద్దలయొద్దకు పోవుట వాడుక. ఆ వాడుకను మేము నిందింపము. తగవు తీర్చుట పుణ్యకార్యమే. కాని పెద్దలు తీర్చిన తగవు న్యాయస్థానమున నిలుచునా యని మనలో పెక్కుమంది విచారించుట లేదు. విడాకుల విషయమునను, గాయపడినవారి నష్టపరిహార విషయమునను ఈ ఏమరుపాటు కొంపలు ముంచుచున్నది.

మొదట విడాకుల సంగతి. భార్యాభర్తలకు పొసగనప్పుడు నలుగురు పెద్దలు కూర్చుండి, స్టాంపు కాగితముపై విడుదల పత్రము వ్రాయించి, సంతకములు చేయించి పంపివేయుదురు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టములోని 29(2) విభాగము కులాచారమువలన కలిగిన విడాకుల హక్కును కాపాడినమాట నిజమే. ఐనను అట్టి ఆచారము తమలో గలదని సాక్ష్యముతో నిరూపింపవలెనని సుప్రీంకోర్టు 2002లో తేల్చి చెప్పినది. నిరూపణ కానిచో ఆ పత్రము చిత్తుకాగితమే. దానిని నమ్మి చేసికొన్న రెండవ పెండ్లి చెల్లదు. మొదటి భార్యయో భర్తయో ఫిర్యాదు చేసినచో ఏడేండ్లవరకు కారాగారశిక్ష పడవచ్చును. భర్త గతించిన పిమ్మట పింఛను దొరకక అలమటించునది ఆ రెండవ స్త్రీయే.

సరియైన మార్గము కష్టమైనది కాదు. ఒక సంవత్సరము వేరుగా నున్న దంపతులు ఉభయులు సమ్మతించి, 13బి విభాగము క్రింద కుటుంబ న్యాయస్థానమున అర్జీ పెట్టుకొనవచ్చును. ఆరు నెలల పిమ్మట, పదునెనిమిది నెలలలోపల, మరల ఇరువురును కోరినయెడల, న్యాయమూర్తి విచారించి తృప్తిపడినచో డిక్రీ లభించును. తగిన సందర్భమున ఆ ఆరు నెలల నిరీక్షణను న్యాయమూర్తి మినహాయింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. పెద్దలు కుదిర్చిన భరణము, బిడ్డల పోషణ, స్త్రీధనము తిరిగి యిచ్చుట, అన్నియు ఆ అర్జీలోనే వ్రాయింపవలెను. డిక్రీ కెక్కినమాటను అమలు జరిపించుకొనవచ్చును. నోటిమాట గాలికి పోవును.

ఇక గాయపడినవారి సంగతి. అశోక్‌నగరున పరీక్షలకు చదువుకొను కుఱ్ఱవానికి బండి తగిలి కాలు విరిగినదనుకొందము. బండివాడు ఆసుపత్రి ఖర్చు కొంత చేత బెట్టి, “పోలీసులదాక ఎందుకండీ?” అనును; మనవారు తలయూపుదురు. కేసు నమోదు కానిచో బీమా కంపెనీనుండి సొమ్ము రాబట్టుట మిక్కిలి కష్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము బాధితుడు తాను నివసించు చోటి ట్రిబ్యునలునందే అర్జీ పెట్టవచ్చును. వయస్సు, రాబడి, చికిత్స, మున్ముందు కలుగు నష్టము అన్నియు అచ్చట లెక్కకు వచ్చును. 2022 ఏప్రిల్ 1నుండి అమలైన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించినది, కావున ఆలసింపరాదు. ఢీకొట్టి పారిపోయిన వాహన మేదో తెలియకున్నను, మరణమునకు 2,00,000 రూపాయలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు పొందు పథకము గలదు.

2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్సునందలి సంధ్యా థియేటరు తొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు తీవ్రముగా గాయపడెను. చిక్కడపల్లి పోలీసుస్టేషనులో కేసు నమోదయ్యెను. లోకమంతయు చూచినది గనుక ఆ కుటుంబమునకు సాయము ప్రకటించినవారు కలరు. ఎవ్వరును చూడని గాయములకు చట్టమే దిక్కు.

వకీలుకు సొమ్మెక్కడిదందురా? 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము స్త్రీలకు, వారి రాబడి యెంతయైనను, ఉచిత న్యాయసహాయము కల్పించినది. మోటారు ప్రమాదపు రాజీలు లోక్ అదాలతులో జరిగినచో, ఆ తీర్పు డిక్రీతో సమానము.

కావున సంఘపు పెద్దలకు మా మనవి యొక్కటే. విడుదల పత్రములు వ్రాయించుట మానుడు. రాజీ కుదుర్చుడు, కుదిర్చిన రాజీని న్యాయస్థానపు గడప దాటించి ముద్ర వేయింపుడు. నెలకొక దినము సంఘ కార్యాలయమున న్యాయవాదిని కూర్చుండబెట్టుడు. ఇందువలన మన పెద్దరికము తగ్గదు. మనలను నమ్మి వచ్చిన ఆడుబిడ్డ మోసపోకుండును.