మెరిట్ లెక్క తొమ్మిదో నెలలోనే మొదలవుతుంది

(బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఓ పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. నేను టీకాల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే చదువు అక్కడే మొదలవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం సుమారు మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఇథియోపియా, వియత్నాంలలోనూ అదే పని జరిగింది. ఈ మూడు చోట్ల సమాచారాన్ని అరిందమ్ నంది, ఆయన సహ పరిశోధకులు 2019లో విశ్లేషించారు. తట్టు టీకా పడిన పిల్లలు ఎదుగుదలలోనూ చదువులోనూ కొంత ముందున్నారని తేలింది. మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలై, 1990 నాటికి జిల్లాల వారీగా దేశమంతా విస్తరించింది. ఆ కార్యక్రమం వచ్చాక పుట్టినవాళ్లు సగటున 0.18 తరగతి ఎక్కువ చదివారని 2020లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అంటే ఐదారుగురిలో ఒకరు ఒక తరగతి ఎక్కువ చదివినట్టు.

టీకా వేయించే ఇల్లు ముందే కాస్త కలిగిన ఇల్లేమో అని మీకు అనుమానం రావచ్చు. సరైన అనుమానమే. అందుకే పరిశోధకులు కుటుంబ స్థితిగతులను కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా దీన్ని బలమైన ఆధారం అనాలి గానీ తుది రుజువు అనకూడదు.

టీకా తెలివిని పెంచే మందు కాదు. తెలివిని దెబ్బతీసే జబ్బును ఆపుతుంది. తట్టు వచ్చిన వెయ్యి మందిలో దాదాపు ఒకరికి మెదడువాపు వస్తుంది. మిగతావాళ్లకు దద్దుర్లు తగ్గినా కథ ముగియదు. అంతకుముందు ఒంట్లో ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు తట్టు తుడిచేస్తుందని 2019లో తేలింది. ఆ తర్వాత విరేచనాలు, న్యుమోనియా, బక్కచిక్కడం, బడి మానడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

బాబాసాహెబ్, రమాబాయి ఐదుగురు పిల్లల్లో నలుగురిని పసితనంలోనే పోగొట్టుకున్నారు. మెదడుకు కులం లేదు. జబ్బు ఎవరి వాకిట్లో ఎక్కువసేపు నిలబడుతుందో తేల్చేది మాత్రం కులమే. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం అందే తీరును సంఘమిత్ర ఆచార్య 2010లో నమోదు చేశారు. తాకకుండా మందివ్వడం, దళితుల ఇళ్లలోకి ఆరోగ్య కార్యకర్త అడుగుపెట్టకపోవడం అందులో కనిపిస్తాయి. పదో తరగతి మార్కులు చూసి మెరిట్ అనేవాళ్లు తొమ్మిదో నెలలో తప్పిపోయిన టీకాను లెక్కించరు.

ఇక మన సంగతి. రైల్వేలో పర్మనెంటు ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి ఉంది. అదే ప్లాట్‌ఫాం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఆ సదుపాయం లేదు. ప్రభుత్వ టీకా ఉచితమే, కానీ ఆ రోజు పని మానితే కూలి పోతుంది. మన ఆడపిల్లలు పురిటికి శ్రీకాకుళమో విజయనగరమో వెళ్తారు. మొదటి టీకాలు అక్కడ పడతాయి. తిరిగొచ్చేటప్పుడు కార్డు పుట్టింట్లో ఉండిపోతే, తర్వాతి డోసు రెండు రాష్ట్రాల మధ్య జారిపోతుంది.

కాబట్టి కార్డును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. యు-విన్‌లో పేరు నమోదు చేయించండి. ఒక డోసు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. తట్టు-రుబెల్లా టీకా తప్పిపోతే ఐదేళ్లు నిండేలోపు వేయించవచ్చు. బస్తీకి వచ్చే మితానిన్ దీదీని మీ ఇంటికీ రమ్మని అడగండి. విద్యార్థి మిత్రులు ఈ బస్తీలో ఏ పిల్లకు ఏ డోసు మిగిలిందో ఇంటింటికీ తిరిగి జాబితా రాయాలి. సెలవు రోజున, సాయంత్రం వేళ టీకా శిబిరం పెట్టమని ఆ జాబితాతోనే అడుగుదాం. రిజర్వేషన్ కోసం కొట్లాడినట్టే దీనికోసమూ కొట్లాడాలి.

జై భీమ్.