ఆ ఒక్క న్యాయమూర్తి

 

మన సంఘం పుట్టిన 1976లోనే, ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది ఆయనను దాటేసి, జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. 2017లో అదే కోర్టు ఆ పాత తీర్పును తోసిపుచ్చింది.

గట్టి నాయకుడుంటే చాలు, కోర్టులెందుకని నేనూ ఒకప్పుడు వాదించినవాణ్ణే. ఇంజనీరుగా నాకు తెలియవలసిన సంగతే అది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందపాటి తీగ చుడితే దీపం వెలుగుతుంది, ఆనక ఇల్లే కాలుతుంది. మనం ఓటేసిన ప్రభుత్వానికైనా ఆ ఫ్యూజు ఉండాల్సిందే.