80 మంది డీలర్లు, మధ్యధరా తీరం: ఏ ఊరు? | సిరిసిల్ల తమ్ముడి ప్రశ్న

పోయిన వీడియో కింద సిరిసిల్ల తమ్ముడొకాయన మెసేజ్ పెట్టిండు. "అన్నా, హైదరాబాద్‌ల ఈవెంట్ కంపెనీల చేస్తున్న. బట్టల వ్యాపారం క్లయింట్ 80 మంది డీలర్లతోని మూడు రోజుల మీటింగ్ మధ్యధరా సముద్రం పక్కన కావాలంటున్నడు. నాకిది మొదటి పెద్ద ప్రాజెక్ట్. ఏ ఊరు చెప్పాలె?" అని.

తమ్ముడూ, రీల్స్ చూసి బీచ్‌తోని మొదలుపెట్టకు. కాన్ కథ విను. సినిమా పండుగ జరిగే ఊరు. మొబైల్ కంపెనీల ప్రపంచ సమావేశం కూడా 2005 దాకా అక్కడే అయ్యేది. జనాభా చూస్తే మన కోరుట్లకు కొంచెం అటూ ఇటూ. వచ్చేటోళ్లు పెరిగిన్రు, ఊరు పట్టలే. 2006ల ఆ సమావేశం బార్సిలోనాకు పోయింది. 2024ల లక్ష మంది దాటిన్రు. అక్కడ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎగ్జిబిషన్ హాళ్ల దాకా 2016 నుంచి మెట్రో ఉంది.

ఇంకో ముక్క, ఇది సిరిసిల్లోళ్ల కోసం. ప్రపంచంల పెద్ద బట్టల మిషన్ల ఎగ్జిబిషన్ ఐటీఎంఏ, నాలుగేళ్లకోసారి వస్తది. 2019ల బార్సిలోనాలనే అయ్యింది. మగ్గం చప్పుడు మధ్య పెరిగినోళ్లకు ఆ ఊరు అంత పరాయిదేం కాదు!

అయితే 80 మందికి అంత పెద్ద హాల్ అక్కర్లేదు, మంచి హోటల్ల ఉండే హాల్ చాలు. అందుకే వాలెన్సియా కూడా చూడొచ్చు. కాకపోతే ఆ తీరంల సెప్టెంబర్ దాటినంక వానలు గట్టిగ పడ్తయ్, 2024 అక్టోబర్ వరదలు గుర్తున్నయ్ కదా. ఆగస్ట్‌ల ఎండ, పైగా అక్కడోళ్లంత సెలవుల మీద ఉంటరు. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదట్ల మొబైల్ సమావేశం టైంకు బార్సిలోనాల రూం రేట్లు ముట్టుకుంటే కాల్తయ్. నన్నడిగితే మే నెల, బార్సిలోనా. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఒక్క స్టాప్‌తోని పోవచ్చు.

ఇగ అసలు సంగతి వీసా. మన జగిత్యాల, కోరుట్ల దిక్కు చానా ఇండ్లల్ల పాస్‌పోర్ట్ ఉంటది, గల్ఫ్ పుణ్యాన. కానీ గల్ఫ్ వీసా పని ఇచ్చే కంపెనీ తెస్తది. షెంగెన్ అట్ల కాదు. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్ చూస్తరు, మొదటిసారైతే ఎవరికి వాళ్లే పోయి వేలిముద్రలు ఇయ్యాలె. ఫీజు పెద్దోళ్లకు 90 యూరోలు. మామూలుగ 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడ్తది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు.

ఇది ఇంతగ ఎందుకు చెప్తున్ననంటే, నేను ఉద్యోగంల ఉన్నప్పుడు మా టీం యూరప్ కాన్ఫరెన్స్‌కు పోవాలె. హోటల్ బుక్ చేసిన్రు, టికెట్లు కొన్నరు, వీసా ఫైల్ ఆఖరికి పెట్టిన్రు. ముగ్గురికి టైంకు రాలే. అందుల నేనొకణ్ని. డెమో కోడ్ రాసింది నేను, స్టేజ్ మీద చూపెట్టింది వేరేటాయన. రూంల కూసొని లైవ్ చూసిన. చప్పట్లు కొడ్తుంటే ఇయర్‌ఫోన్స్ తీసేసిన.

గందుకే తమ్ముడూ, రేపు క్లయింట్ దగ్గరికి పోతే హోటల్ ఫొటోలు తర్వాత చూపెట్టు. 80 మందిల ఎంతమందికి పాస్‌పోర్ట్ ఉంది, ఎంతమంది రిటర్న్స్ వేస్తున్నరు, ముందు ఆ లిస్ట్ అడుగు. సగం మందికి లేకుంటే వైజాగ్ అని చెప్పు. అక్కడ 2023ల పెట్టుబడిదారుల సమావేశం అయ్యింది, సముద్రం ఉంది, వీసా అక్కర్లేదు. క్లయింట్ ఏమన్నడో కింద కామెంట్ల రాయి.