పిల్లికి పెట్టే బిచ్చం

(ముదిగుబ్బలో జరిగిన దాతల వార్షిక సమావేశంలో సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఎప్పుడూ పిల్లల ఫీజులు, వితంతువులకు ఇచ్చే సాయం, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక పావుగంట మన ఇళ్లలో తిరిగే పిల్లుల గురించి మాట్లాడదలిచాం. కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి కోపమూ రావచ్చు. "వానల్లేక, శెనక్కాయ పంట చేతికి రాక, మనుషులే బెంగుళూరుకు వలసపోతుంటే పిల్లుల మాట ఎందుకు?" అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పిన తరువాతే డబ్బు సంగతికి వస్తాం.

తెలుగులో పిసినారిని "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. పిల్లికి ఇంత పెట్టడం దానధర్మాల్లో అన్నిటికన్నా చిన్న మెట్టని పెద్దల లెక్క. మన ధర్మం ఆ చిన్న మెట్టు దగ్గరే మనల్ని ఆపి అడుగుతుంది. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న విషయం మీకు తెలిసిందే. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా ఏరుకుని తిననివ్వనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగానే ఆమె నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలిపారు. ప్రతి ఇంటా పిల్లిని పెంచి తీరాలనే ఆజ్ఞ అందులో లేదు. మన అధీనంలో ఉంచుకున్నాక మాత్రం దాని కడుపు మన బాధ్యత.

ఈ మాట మన ముదిగుబ్బకు ఎంత దగ్గరో చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ, వాన తీరు మారలేదు. శెనక్కాయ మూటలు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎలుకల కోసం పిల్లి కావాలి. మూటలు అమ్ముడుపోయి, ఇంటిల్లిపాదీ కూలికి బయలుదేరిన నాడు దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. అటక మీద పిల్లలు పెట్టిన తల్లిపిల్లి లోపల ఉందో లేదో చూడకుండానే తలుపుకు తాళం పడుతుంది. లేదంటే గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసి వస్తారు. పెట్టింది తిని పెరిగిన పిల్లి కొత్తచోట వేట నేర్చుకునేలోపే కుక్కల పాలవుతుంది. పెంపుడు జంతువుకు తిండీ నీళ్లూ పెట్టకపోవడం, ఆకలితో మాడేలా వదిలేయడం మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. కాబట్టి ఊరికి పోయేముందు ఇల్లంతా ఒకసారి వెతకండి. పొరుగింటి వాళ్లకు అప్పగిస్తే మాటతో సరిపెట్టక, తిండికయ్యే డబ్బు కూడా చేతిలో పెట్టి వెళ్లండి.

పిల్లి మనకు పరాయిది కాదు. అబూ హురైరా (రజి) గారికి ఆ పేరు పిల్లికూన వల్లే వచ్చింది. ఇంటివాళ్ల మందను మేపేటప్పుడు ఆయన దగ్గర ఒక చిన్న పిల్లి ఉండేది. రాత్రి దాన్ని చెట్టు మీద ఉంచి, పగలు వెంట తీసుకెళ్లి ఆడుకునేవారట. మన గొర్రెల కాపరులకు ఈ దృశ్యం చెప్పనక్కర్లేదు. మరో సహాబీ అబూ ఖతాదా (రజి) తన వుజూ నీళ్ల పాత్ర దగ్గరికి పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా పాత్రను వంచారు. పిల్లి అపవిత్రం కాదనీ, అది మన ఇళ్లలో తిరుగాడే జీవమనీ ప్రవక్త (సఅసం) చెప్పిన మాటను ఆయన అక్కడ గుర్తుచేశారు.

ఇక తిండి. పిల్లి మాంసాహారి. దాని కంటికి, గుండెకు అవసరమైన టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే దానికి అందాలి. పాలన్నం, పెరుగన్నంతో కడుపు నిండుతుందే తప్ప ఒంటికి బలం రాదు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, ముళ్లు తీసిన చేప, ఉడికిన గుడ్డు మంచివి. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై ఎముకలు దెబ్బతింటాయి. ఎప్పుడూ ఇంటి వంటే పెట్టేవాళ్లు మధ్యమధ్య పిల్లుల కోసం తయారైన మేత కూడా కలపడం మేలు.

దావత్‌లో మిగిలిన బిర్యానీ పిల్లికి వేయడం మనకు అలవాటు. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. వండిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. బక్రీదు నాడు పచ్చి పేగులు, తునకలు వేయకుండా కాస్త మాంసం ఉడికించి పెట్టండి. ఎండాకాలంలో గడప పక్కన ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి, రోజూ మార్చండి. పిల్లి నీళ్లు తక్కువ తాగుతుంది. అందువల్ల మూత్రం గట్టిపడి, ముఖ్యంగా మగపిల్లుల్లో దారి మూసుకుపోతుంది. మాటిమాటికీ ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అది మరుసటి రోజుకు వాయిదా వేసే జబ్బు కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. ఒళ్లు వెచ్చగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ వేయకండి. దాన్ని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. గొర్రెలకు గోమార్లు పోవాలని నీళ్లలో కలిపి పోసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు కూడా పిల్లికి విషమే. మూటల మధ్య పెట్టే ఎలుకల మందుతోనూ జాగ్రత్త. అది తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ముప్పే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. పిల్లి ఆరోగ్యం మన పిల్లల ఆరోగ్యంతో ముడిపడి ఉంది. రేబిస్ కుక్కతోనే వస్తుందనుకుంటాం. జబ్బు ఉన్న పిల్లి కరిచినా, రక్కినా వస్తుంది, వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. కరిస్తే వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పూయకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి సూదులు మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లి పూర్తిచేయాలి. పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం కొనసాగిస్తే ఇంటికి రక్షణ. గర్భిణులు పిల్లి మలం ఎత్తే పని ఇంకొకరికి అప్పగించాలి, దాన్ని ఏరోజుకారోజు తీసేయాలి, మాంసం బాగా ఉడికించుకోవాలి. ఇంతమాత్రానికి పిల్లిని వెళ్లగొట్టనక్కర్లేదు.

ఖర్చు లెక్క చూద్దాం. ఒక పిల్లి తిండికి రోజుకు 20 రూపాయలు అనుకుంటే నెలకు 600, ఏడాదికి 7,300. ఇది అంచనా మాత్రమే, మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. దీనికి తోడు ఏటా టీకాలు, పెద్ద పిల్లికి మూడు నెలలకోసారి నులిపురుగుల మందు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కసారి పెట్టే ఖర్చే గానీ, వేలల్లో ఉంటుంది. దాన్ని వద్దనుకుంటే ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కట్టగలదు. సుమారు 65 రోజులకు ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు వేస్తుంది. ఆ కూనలే రేపటి గోనెసంచిలో ఉండేవి. ఆపరేషన్ ధర్మసమ్మతమా అనే సందేహం ఉన్నవాళ్లు ఉలమాలను అడిగి తెలుసుకోండి.

ఊళ్లలోని పశువైద్యశాలల్లో ఆవులు, గొర్రెల వైద్యమే ఎక్కువ. పిల్లి టీకా ఉందో లేదో ముందే కనుక్కుంటే వృథా ప్రయాణం తప్పుతుంది. పశువుల అత్యవసరానికి 1962 నంబరు ఉంది. పెద్ద జబ్బులకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దారి ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. ఇవన్నీ భరించగలమా అని అడగాల్సింది పిల్లిని తెచ్చుకునే ముందు. పిల్లలు ఫోనులో చూసి ముచ్చటపడే బొచ్చు పర్షియన్ పిల్లికి మన ఎండలో ఇంకా ఎక్కువ సేవ కావాలి.

దాతలకు ఒక చరిత్ర చెప్పి మా కోరిక విన్నవిస్తాం. 1260 నుంచి 1277 వరకు ఈజిప్టును ఏలిన సుల్తాన్ బైబర్స్ కైరోలో దిక్కులేని పిల్లుల కోసం ఒక తోటను వక్ఫ్ చేశాడు. 1836లో అచ్చయిన తన పుస్తకంలో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు ఆ తోట గతి రాశాడు. బాగుచేయడానికి ఖర్చవుతుందని చెప్పి ముతవల్లీలు దాన్ని అమ్మేశారు. అది చేతులు మారి మారి, చివరికి ఏడాదికి 15 పియాస్టర్ల నామమాత్రపు రాబడి మిగిలింది. అయినా పిల్లుల తిండి ఆగలేదు, ఆ భారం ఖాజీ మీద పడింది. రోజూ సాయంత్రం ముందు న్యాయస్థానం ముంగిట వాటికి తిండి పడేది. తోట ఇచ్చిన చేయి గొప్పదే. దాన్ని కాపాడే లెక్క లేకపోతే ఏమవుతుందో, రోజూ పెట్టే చేయి ఎంత విలువైనదో ఈ కథే చెబుతుంది.

అందుకే మా ప్రతిపాదన చిన్నది. జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా దీనికి ముట్టుకోం. జకాత్ పొందే ఎనిమిది వర్గాలను ఖురాన్ నిర్ణయించింది. ఫీజులకు, వితంతువుల సాయానికి వచ్చే సొమ్మూ కదలదు. ఇష్టమైన దాతలు ఇచ్చే సదఖాతో వేరే పుస్తకం, వేరే లెక్క పెడతాం. ప్రపంచ జునోసిస్ దినమైన జులై 6న పశువైద్యశాలలు రేబిస్ టీకాలు వేస్తుంటాయి. ఆనాడు మన వీధుల పిల్లులను బుట్టల్లో అక్కడికి చేర్చడం మొదటి పని. పిల్లే తోడుగా బతుకుతున్న పేద ముసలమ్మలకు టీకా, ఆపరేషన్ ఖర్చులో సాయం రెండో పని. పెంచగల స్తోమత ఉన్నవాళ్లు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. ఏడాది చివర పైసాతో సహా లెక్క మీ ముందుంచుతాం.

డబ్బు ఇవ్వలేనివాళ్లు బాధపడనక్కర్లేదు. దప్పిగొన్న కుక్కకు నీళ్లు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని, ప్రాణమున్న ప్రతి జీవికీ చేసే మేలుకు పుణ్యం ఉందని మనకు తెలుసు. వలసపోయిన పొరుగింటి పిల్లికి ఒక మూకుడు నీళ్లు, ఒక పిడికెడు తిండి కూడా సదఖాయే.

మన చేతిలో ఉన్న ప్రతి ప్రాణం అమానత్ అని గుర్తుంచుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మన నేలకు మంచి వానలు, వలసపోయిన బిడ్డలకు క్షేమంగా ఇల్లు చేరే భాగ్యం కలుగజేయుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.