ఒక స్టేషను, ఇద్దరు యజమానులు

(ముప్పాళ్ళ పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఒక ఒరలో రెండు కత్తు లిమడవని పల్నాటివారికి వేరుగ చెప్ప నక్కరలేదు. కోడిపందెము ఎంతదూరము పోగలదో ఈ నేల యెరుగును. అట్టిచోట నిలిచి, రెండు రైల్వేలు ఒక్క స్టేషనులో ఇముడునా యని మేము ప్రశ్నించుచున్నాము. సత్తెనపల్లికి పోయి బండి నెక్కు ముప్పాళ్ళవానికి ఇది పరుల గొడవగా తోచవచ్చును. ఆ బండి గుంటూరు దాటినపిమ్మట అది వాని గొడవయే యగును.

బెజవాడనే చూడుడు. 1889లో సికిందరాబాదు వైపునుండి నిజాము గ్యారంటీడ్ స్టేటు రైల్వే అచ్చటికి చేరినది. ఆ పేరులోని గ్యారంటీ యేమనుకొంటిరి? లండను వాటాదారుల వడ్డీకి నిజాము ఖజానా పడిన పూచీ! లాభము వారిది, పూచీ మనది. రెండవ యజమాని 1908లో ఏర్పడిన మద్రాసు-దక్షిణ మహరాష్ట్ర రైల్వే. దాని పెద్దలును లండనులోనే కూర్చుండెడివారు. గుంటూరునుండి వచ్చునది మీటరు గేజి, సికిందరాబాదునుండి వచ్చునది బ్రాడ్ గేజి. అందుచేత ఒక పెట్టెలోని బస్తాను దింపి కూలివాని మూపుమీద వేరొక పెట్టెకు చేర్చవలసి వచ్చెడిది. నేరమంతయు యజమానులు ఇద్దరగుటలోనే యున్నదని మే మనము. మద్రాసు కంపెనీ యొక్కటియే రెండు గేజీలను నడపినది. కాని కలియుచోటి భారము ఎవరిదని యడిగినపుడు, అది చివరకు కూలివాని మూపుమీదనే పడినది.

నిజాము రైల్వే 1930లో ఆ సంస్థానము చేతికి వచ్చెను. 1951లో దేశపు రైల్వేలను మండలములుగా కూర్చినపుడు బెజవాడయందు దక్షిణ రైల్వేయు మధ్య రైల్వేయు కలిసికొనెను. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడినంతనే ఆ రెండు చేతులు ఒక్కటయ్యెను. ఒక్క యజమానియే మందని కొందరందురు. మేమును చాలకాల మట్లే తలచితిమి.

జపాను సంగతి విన్నపిదప మా యభిప్రాయము మారినది. టోక్యో నగరమున యొయొగి-ఉయెహర యను స్టేషనున్నది. 1927లో ఒడక్యూ కంపెనీ దానిని తెరచినది. 1978లో భూగర్భరైలు వచ్చి దానిలో కలిసెను. లోపలి రెండు దారులు భూగర్భరైలువి, వెలుపలి రెండు ఒడక్యూవి. ప్రయాణికుడు ఒకే ప్లాటుఫారముమీద నాలుగడుగులు వేసిన చాలును. నడుమ గేటులేదు. ఒక కంపెనీ బండి మరియొక కంపెనీ పట్టాలమీదికి సాగిపోవునపుడు బండి కదలక నిలిచియుండగా నడపువారు మారుదురు. స్టేషను నిర్వహణము ఒడక్యూది. ఛార్జీ రెండు కంపెనీలకు చెందవలసినదే. ఆ పంపకము కంపెనీలు తమలో తాము చూచుకొనును, ప్రయాణికుడు రెండుమార్లు వరుసలో నిలువడు. స్నేహము కాదు సుమా, వ్రాతలోనున్న ఒప్పందము ఇట్లు చేయించుచున్నది.

మన హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లును, 2017లో మెట్రోయు మొదలైనవి. బేగంపేట, ఖైరతాబాదు, మలక్‌పేటలలో రెండింటి స్టేషనులు ఇరుగుపొరుగులు. పొరుగువారేగాని పొత్తులేదు, మెట్ల దారి వేరు, టిక్కెట్టు వేరు. ముసలితల్లి మూటతో దిగి, ఎక్కి, మరల దిగవలసినదే. బ్రహ్మనాయుని చాపకూడు కథ చెప్పుకొను మనము దీనిని చూచి సిగ్గుపడవలదా?

విజయవాడకు మెట్రో కావలెనను యత్నములు చాలకాలముగా సాగుచున్నవి. మా కోరిక యొక్కటే. స్తంభముల గోతులు త్రవ్వకముందే రైల్వేవారును మెట్రోవారును ఒక కాగితముమీద సంతకములు చేయవలెను. ప్లాటుఫారమునుండి ప్లాటుఫారమునకు దారి యెటు, టిక్కెట్టు ఒకటా రెండా, వాన కురిసినపుడు పైకప్పు ఎవరు వేయవలెను, దీపము మాడినపుడు ఎవరు మార్చవలెను, ఇవన్నియు అందు వ్రాయబడవలెను. ఆ కాగితపు నకలు తెలుగులో ఇట్టి పఠనమందిరములకు పంపవలెను. పంపనిచో, సత్తెనపల్లి స్టేషనునుండి మనమే పోయి అడిగెదము.